రక్తం కక్కుకున్న మనిషి బతుకుతాడా?



మన పల్లెల్లో ఒక తిట్టు ఉంది. పట్టరాని కోపం వచ్చినప్పుడు "రక్తం కక్కుకుని చస్తావు" అంటారు. ఊరి దేవత గుడి ముందు ఒట్టు పెట్టేటప్పుడు కూడా "నేను అబద్ధమాడితే రక్తం కక్కుకుంటాను" అనేవాళ్ళున్నారు. ఈ మాటలో రెండు ముక్కలున్నాయి చూడండి. కక్కుకోవడం ఒకటి, చావడం ఒకటి. మొదటిది జరిగితే రెండోది తప్పదని మన పెద్దలు నమ్మారు. వాళ్ళ కాలంలో వాళ్ళు కళ్ళారా చూసింది అదే. ఇవాళ ఆ రెండో ముక్క చాలావరకు చెల్లకుండా పోయింది. అది ఎలా జరిగిందో, అందులో మన చేతిలో ఉన్నదేమిటో ఈవేళ చెప్పుకుందాం. లివరు చెడిపోయినవాళ్ళకు కడుపులో రక్తం కారడం గురించే ఈ ప్రసంగం.

మొరప్పూరు దగ్గర ఒక పల్లె అనుకోండి. రాత్రి పది దాటింది. సేలం వైపు పోయే రైలు కూత వినబడి చాలాసేపయింది. ఇంటి పెద్దాయనకు యాభై ఏళ్ళు. కొన్నాళ్ళుగా పొట్ట కొంచెం ఉబ్బరంగా ఉంది, కళ్ళు పచ్చగా ఉన్నాయి, అన్నం సయించడం లేదు. ఉన్నట్టుండి లేచి వాకిట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. దీపం పట్టుకుని చూస్తే అంతా ఎర్రగా రక్తం. ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు. ఒకరు చేతబడి అన్నారు. ఒకరు వేడిచేసిందన్నారు. ఇంకొకరు సోడా తాగించమన్నారు. చివరికి తలపండిన మామ ఒకరు "ఇప్పుడెక్కడికి తీసుకుపోతాం? తెల్లవారనివ్వండి, చూద్దాం" అన్నారు.

శ్రోతలారా, ఈ మాటలన్నిటిలోకీ ప్రాణం మీదికి తెచ్చేది ఆ చివరి మాట. తెల్లవారేదాకా ఆగడమే అసలు ప్రమాదం. ఎందుకో తెలియాలంటే ముందు ఆ రక్తం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి.

మనం తిన్న అన్నం కడుపులోనూ పేగుల్లోనూ అరిగి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం నేరుగా గుండెకు పోదు. కడుపునుంచి, పేగులనుంచి, ప్లీహం అనే తిల్లినుంచి వచ్చే రక్తమంతా ఒక పెద్ద సిరలో చేరుతుంది. దాన్ని పోర్టల్ సిర అంటారు. ఆ సిర లివరులోకి వెళ్ళి సన్నటి కాలువలుగా విడిపోతుంది. లివరు ఆ రక్తాన్ని శుభ్రం చేసి, కావలసినవి తీసుకుని, గుండెకు పంపుతుంది. లివరుకు చేరే రక్తంలో సుమారు ముప్పాతిక భాగం ఈ దారినే వస్తుంది.

లివరు ఆరోగ్యంగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది. రక్తం హాయిగా పారుతుంది. ఏళ్ళ తరబడి సారాయో, కామెర్ల వైరసో, కొవ్వో దాన్ని దెబ్బతీస్తూ ఉంటే, దెబ్బతిన్నచోటల్లా మచ్చకట్టి గట్టిపడుతుంది. పుండు మానినచోట చర్మం బిరుసెక్కినట్టే. లివరంతా ఇలా గడ్డలు గడ్డలుగా, బిరుసుగా మారడాన్నే సిరోసిస్ అంటారు.

ఇక చెరువును తలచుకోండి. చెరువు కింద కాలువలు పూడిపోయాయి. పైనుంచి వాగు మాత్రం ఎప్పటిలాగే పారుతోంది. ఏమవుతుంది? నీరు వెనక్కి తన్ని, కట్ట ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఊట మొదలై, చివరికి గండి పడుతుంది. మన ఒంట్లోనూ అంతే. లివరులో దారి మూసుకుపోయేసరికి రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. అన్నవాహిక అడుగున, కడుపు పైభాగాన ఉండే సన్నటి సిరలు ఆ ఒత్తిడికి ఉబ్బిపోతాయి. కాళ్ళమీద కొందరికి నరాలు మెలికలు తిరిగి ఉబ్బడం చూసే ఉంటారు. అలాంటివే ఇవి. వీటిని వేరిసెస్ అంటారు. వీటి గోడ పలచన. ఒత్తిడి హద్దు దాటిన రోజున చిట్లుతాయి. కట్ట తెగినప్పుడు నీరు ఎలా దూకుతుందో రక్తం అలా దూకుతుంది.

ఈ ఒత్తిడికి లెక్క ఉంది. లివరుకు ముందూ వెనకా ఉండే ఒత్తిడి తేడా మామూలు మనిషిలో 1 నుంచి 5 మిల్లీమీటర్లు. అది 10కి చేరితే సిరలు ఉబ్బడం మొదలవుతుంది. 12 దాటితే చిట్లే ప్రమాదం ఉంది. సిరోసిస్ ఉందని తేలేనాటికే సుమారు సగం మందిలో ఈ ఉబ్బిన సిరలుంటాయి. వాళ్ళకు నొప్పి ఉండదు, మంట ఉండదు. రక్తం పడేదాకా తెలియదు.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పాలి. రక్తం కక్కుకున్నాడంటే తాగుబోతే అయి ఉంటాడని ఊరు తీర్పు చెప్పేస్తుంది. దాంతో ఇంటివాళ్ళు సిగ్గుపడి సంగతి దాస్తారు. మన దగ్గర సారాయి వల్ల లివరు పాడైనవాళ్ళు ఎక్కువే, కాదనలేం. కానీ హెపటైటిస్ బి, హెపటైటిస్ సి అనే వైరసులు చుక్క ముట్టనివాళ్ళ లివరును కూడా గట్టిపరుస్తాయి. చక్కెర జబ్బు, ఊబకాయం ఉన్నవాళ్ళ లివరులో కొవ్వు చేరి చివరికి సిరోసిస్ కావచ్చు. ఆడవాళ్ళకూ వస్తుంది. లివరు బాగానే ఉండి, పోర్టల్ సిరలోనే అడ్డు ఏర్పడినా ఇలాగే రక్తం పడుతుంది. ఇది మన దేశంలో పిల్లల్లోనూ పడుచువాళ్ళలోనూ కనిపించే జబ్బు. లివరు మంచిగా ఉంటుంది కాబట్టి రక్తం ఆపగలిగితే వీళ్ళు చక్కగా కోలుకుంటారు. కాబట్టి పదేళ్ళ పిల్లవాడు రక్తం కక్కుకున్నాడని గాలి సోకిందనుకుని మంత్రాలవాళ్ళ దగ్గరికి తిప్పకండి. వాడికి బతికే అవకాశం అందరికంటే ఎక్కువ.

కడుపులో పుండు వల్ల కూడా రక్తం పడవచ్చు. అది ఏదో తేల్చేది డాక్టరు. మనం గుర్తుపట్టవలసినవి మాత్రం నాలుగే. ఒకటి, ఎర్రటి రక్తం వాంతి. రెండు, కాఫీ డికాక్షన్ మడ్డిలాంటి నల్లటి వాంతి. ఇదీ రక్తమే, కడుపులో నిలిచి రంగు మారింది. మూడు, తారులాగ నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చే విరేచనం. వాంతి లేకుండా ఇది ఒక్కటే కనిపించవచ్చు. దీన్ని చాలామంది పట్టించుకోరు. నాలుగు, రక్తం బయట కనబడకపోయినా లివరు జబ్బు ఉన్న మనిషికి ఉన్నట్టుండి కళ్ళు తిరిగి, చెమటలు పట్టి, చేతులు కాళ్ళు చల్లబడి, నాడి వేగంగా కొట్టుకోవడం. వీటిలో ఏది కనబడినా అది ఆ రాత్రే కదలవలసిన జబ్బు.

ఇప్పుడు మళ్ళీ మొరప్పూరు పల్లెలోని ఆ ఇంటికి పోదాం. ఏం చేయాలి?

మొదట 108కి ఫోను చేయాలి. ఈ 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. 2008లో తమిళనాడుకు వచ్చింది. మీరు కుప్పంలో ఉన్నా, హోసూరులో ఉన్నా, మొరప్పూరులో ఉన్నా నంబరు అదే. ఫోనులో "లివరు జబ్బు మనిషి, రక్తం వాంతి అయింది" అని స్పష్టంగా చెప్పండి.

బండి వచ్చేలోగా మనిషిని ఎడమ పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకోబెడితే మళ్ళీ వాంతి వచ్చినప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నోటికి ఏమీ ఇవ్వవద్దు. సోడా వద్దు, మజ్జిగ వద్దు, నిమ్మరసం వద్దు, పసరు వద్దు. ఒళ్ళు నొప్పులంటే నొప్పి మాత్ర అసలే వద్దు. ఎన్ని గంటలకు వాంతి అయింది, ఎన్నిసార్లు, గ్లాసుడా చెంబుడా, ఇది గుర్తు పెట్టుకోండి. పాత చీటీలు, వాడుతున్న మాత్రలు, రేషన్ కార్డు, బీమా కార్డు ఒక సంచిలో వేసుకోండి. రక్తం ఇవ్వగలిగిన పడుచువాళ్ళు ఇద్దరు ముగ్గురు వెంట రండి.

ఎక్కడికి పోవాలి? మొదట దగ్గరున్న ప్రభుత్వాసుపత్రిలో సెలైను పెట్టి మనిషిని నిలబెడతారు. హరూరు దగ్గరైతే హరూరు. కానీ అసలు వైద్యానికి ఎండోస్కోపీ కావాలి. మనకు ధర్మపురిలో 2008 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. సేలంలో మోహన్ కుమారమంగళం పేరున్న వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కృష్ణగిరిలో 2022లో వైద్య కళాశాల ప్రారంభమైంది. కుప్పం వైపువాళ్ళకు పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఉంది. వేలూరు సి.ఎం.సి. సంగతి మీకు తెలిసిందే. "ఈ రాత్రికి ఎండోస్కోపీ ఎక్కడ చేస్తారు?" అని 108 వాళ్ళను, మొదట చూసిన డాక్టరును తప్పకుండా అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో రెండు మూడు ఆసుపత్రులు తిరిగే బాధ తప్పవచ్చు.

ఆసుపత్రిలో ఏం చేస్తారో కూడా తెలిసి ఉంటే మంచిది. తెలియకపోతే బంధువులు కంగారుపడి డాక్టర్లతో తగవు పెట్టుకుంటారు.

మొదట రెండు చేతులకూ సూదులు పెట్టి ద్రవాలు ఎక్కిస్తారు. పోర్టల్ సిరలో ఒత్తిడిని దించే ఇంజెక్షను, అంటే టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్, వెంటనే మొదలుపెడతారు. దానితోపాటు యాంటీబయోటిక్ ఇంజెక్షను ఇస్తారు. "రక్తం పోతుంటే సూక్ష్మజీవుల మందు ఎందుకండీ?" అని అడుగుతారు. లివరు చెడినవాళ్ళకు రక్తం పోయిన సమయంలో పేగుల్లోని సూక్ష్మజీవులు రక్తంలోకి చొరబడతాయి. రక్తం ఆగినా ఆ జ్వరంతో పోయినవాళ్ళు పూర్వం చాలామంది. అందువల్ల ఈ మందు ప్రాణం నిలిపే మందుల్లో ఒకటి.

రక్తం ఎక్కించడంలో ఇంకో సంగతి ఉంది. "పోయినంత రక్తమూ ఎక్కించండి, మేమిస్తాం" అని బంధువులు పట్టుబడతారు. డాక్టరు ఒకటి రెండు సీసాలతో ఆపేస్తే పిసినారితనం అనుకుంటారు. స్పెయిన్‌లోని బార్సిలోనాలో కడుపు రక్తస్రావంతో వచ్చిన 921 మందిని రెండు జట్లు చేసి చూశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. హిమోగ్లోబిను 7 గ్రాములకు దిగినప్పుడే రక్తం ఎక్కించిన జట్టులో ఆరు వారాలకు వందకు 95 మంది బతికి ఉన్నారు. 9 గ్రాములకు దిగగానే ధారాళంగా ఎక్కించిన జట్టులో 91 మంది. ఎందుకంటే ఎక్కువ రక్తం పోస్తే పోర్టల్ సిరలో ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది. గండి పూడ్చకముందే చెరువులోకి నీళ్ళు మళ్ళించినట్టవుతుంది. కాబట్టి డాక్టరు లెక్కగా రక్తం ఎక్కిస్తుంటే అది మీ మనిషి మేలుకే.

తరువాత ఎండోస్కోపీ. రోగి కాస్త నిలదొక్కుకున్నాక, వచ్చిన 12 గంటల లోపల చేయాలని నియమం. నోటిగుండా సన్నటి గొట్టం వేసి, చిట్లిన సిర ఎక్కడుందో చూసి, దాని మొదట్లో చిన్న రబ్బరు ఉంగరం బిగిస్తారు. దీన్నే బ్యాండింగ్ అంటారు. కడుపులోని సిర అయితే ఒక రకం జిగురు ఎక్కించి మూసేస్తారు. వందలో 80, 90 మందికి రక్తం దీనితో ఆగుతుంది. ఆగనివాళ్ళకు లోపల బుడగలాంటి గొట్టంతో తాత్కాలికంగా నొక్కి ఉంచి, ఆ వ్యవధిలో లివరు లోపలే ఒక చిన్న గొట్టం అమర్చి రక్తానికి దారి చేసే పద్ధతి ఉంది. అది పెద్ద పట్నాల్లోనే జరుగుతుంది.

ఈ వైద్యం ఒక్కరోజులో రాలేదు. 1939లో స్వీడన్ డాక్టర్లు క్రాఫూర్డ్, ఫ్రెంక్నర్ ఉబ్బిన సిరలోకి మందు ఎక్కించి మూసే ప్రయత్నం చేశారు. 1950లో అమెరికాలో సెంగ్‌స్టాకెన్, బ్లేక్‌మోర్ బుడగ గొట్టం తయారుచేశారు. 1980, 81లో పారిస్‌లో లెబ్రెక్ అనే డాక్టరు, రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్ మాత్ర ఈ రక్తస్రావం తిరగబెట్టకుండా చూస్తుందని కనుగొన్నాడు. 1980 దశకం చివర అమెరికాలో స్టీగ్‌మన్ బ్యాండు వేసే పద్ధతి తెచ్చాడు. మన తెలుగువాళ్ళలో కర్నూలు వైద్య కళాశాలలో చదివి, మద్రాసులో, చండీగఢ్‌లో పై చదువులు చదివిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారు హైదరాబాదులో ఎండోస్కోపీ వైద్యానికి పెద్ద కేంద్రం నెలకొల్పారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది.

వీటివల్ల ఎంత మేలు జరిగిందో పారిస్ ఆసుపత్రి లెక్క ఒకటి చెబుతుంది. ఈ రక్తస్రావంతో చేరినవాళ్ళలో 1980లో ఆసుపత్రిలోనే చనిపోయినవాళ్ళు వందకు 43 మంది దాకా. అదే ఆసుపత్రిలో 2000 సంవత్సరానికి అది 15 లోపుకు దిగింది. ఇరవై ఏళ్ళలో అంత మార్పు. వచ్చిన మనుషులు అలాంటివాళ్ళే, లివర్లు అలాంటివే. మారింది వైద్యం.

ఇక అందరూ అడిగే ప్రశ్న. "డాక్టరుగారూ, మనిషి దక్కుతాడా?"

దీనికి జవాబు ఆరు వారాల లెక్కలో చెబుతారు. రక్తం పడిన నాటినుంచి ఆరు వారాలు గండకాలం. అందులోనూ మొదటి అయిదు రోజులు మరీ. ఇవాళ్టి వైద్యం అందినవాళ్ళలో ఆరు వారాల తరువాత వందకు 80 నుంచి 85 మంది బతికి ఉంటున్నారు. కానీ ఈ లెక్క అందరికీ ఒకటి కాదు. లివరులో ఇంకా ఎంత సత్తా మిగిలి ఉందన్నదాని మీద ఉంటుంది. డాక్టర్లు అయిదు సంగతులు చూస్తారు. పచ్చకామెర్ల పాళ్ళు ఎంత, రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఎంత, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోంది, పొట్టలో నీరు ఉందా, మతి తడబడుతోందా. ఈ అయిదింటినీ లెక్కవేసి ఏ, బి, సి అని మూడు తరగతులు చేస్తారు. ఏ తరగతివాళ్ళు వైద్యం అందితే దాదాపు అందరూ గట్టెక్కుతారు. సి తరగతివాళ్ళలో కూడా వందకు 70 మంది దాకా ఆరు వారాలు దాటుతున్నారు. అంటే డాక్టరు "పరిస్థితి విషమంగా ఉంది" అన్నప్పుడు కూడా, బతికే పాలే ఎక్కువ. ఆ మాట విని మనిషిని ఇంటికి మోసుకుపోకండి.

గండం గడిచింది, మనిషి ఇంటికి వచ్చాడు. ఇక్కడే చాలా కుటుంబాలు పొరబడతాయి. రక్తం ఆగింది కదా, జబ్బు పోయిందనుకుంటారు. ఆగింది రక్తం. లివరు బిరుసు అలాగే ఉంది, ఒత్తిడి అలాగే ఉంది. ఏమీ చేయకుండా వదిలేస్తే ఏడాది రెండేళ్ళలో వందకు 60 మందికి మళ్ళీ రక్తం పడుతుంది. వాళ్ళలో చాలామంది ఆ రెండోసారి తట్టుకోలేరు. మూడు పనులు చేస్తే ఈ లెక్క బాగా తగ్గుతుంది.

మొదటిది, బ్యాండింగు పూర్తి చేయించుకోవడం. ఒకసారి వేస్తే సరిపోదు. రెండు మూడు నాలుగు వారాలకోసారి వెళ్ళి, ఉబ్బిన సిరలన్నీ అణిగేదాకా వేయించుకోవాలి. సాధారణంగా మూడు నాలుగు విడతల్లో అయిపోతుంది. ఆ తరువాత కూడా డాక్టరు చెప్పిన గడువుకు చూపించుకోవాలి. బ్యాండు వేసిన కొద్దిరోజులు మెత్తటి, చల్లారిన ఆహారం తినాలి.

రెండోది, రోజూ మాత్ర. ప్రొప్రనొలాల్ గానీ కార్వెడిలాల్ గానీ ఇస్తారు. చవకైన మాత్రలే. ఇవి పోర్టల్ సిరలో ఒత్తిడిని తగ్గిస్తాయి. "నాకు బీపీ లేదు, బీపీ మాత్ర ఎందుకు?" అని మానేసేవాళ్ళున్నారు. ఈ మాత్ర మీ లివరు ఒత్తిడికి. చెప్పకుండా ఉన్నట్టుండి మానకూడదు. కళ్ళు తిరిగినా, ఆయాసం వచ్చినా, పొట్టలో నీరు పెరిగినా డాక్టరుకు చెప్పండి, ఆయనే మోతాదు మారుస్తారు.

మూడోది, కారణాన్ని ఆపడం. సారాయి వల్ల అయితే సారాయి పూర్తిగా మానాలి. తగ్గించడం కాదు, మానడం. మానినవాళ్ళలో కొన్ని నెలలకు లివరు తేరుకుని, పొట్టలో నీరు పోయి, సి తరగతినుంచి పైకి వచ్చినవాళ్ళున్నారు. కానీ ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణికి, ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు. కాబట్టి డాక్టరుతో చెప్పి, మందుల అండతో మానాలి. హెపటైటిస్ సి అయితే ఇవాళ మాత్రలతో చాలామందికి 12 వారాల్లోనే నయమైపోతోంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. హెపటైటిస్ బి అయితే రోజూ మాత్ర వేసుకుని వైరసును అణిచి ఉంచవచ్చు. ఆ ఇంట్లో మిగతావాళ్ళందరూ రక్తపరీక్ష చేయించుకోవాలి, లేనివాళ్ళు టీకా వేయించుకోవాలి.

ఈ టీకా సంగతిలో మన తెలుగువాళ్ళ పాత్ర ఉంది. హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు విదేశాలనుంచి వచ్చేది, సామాన్యుడికి అందని ధర. 1997లో హైదరాబాదులో వరప్రసాదరెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ మన దేశంలోనే దాన్ని తయారుచేసి ధర దించింది. 2011 నాటికి దేశమంతటా పిల్లల టీకాల పట్టికలో చేరింది. బిడ్డ పుట్టిన 24 గంటల లోపల మొదటి టీకా వేయించండి. నలభై ఏళ్ళ తరువాత ఆ బిడ్డ రక్తం కక్కుకోకుండా ఉండటానికి ఆ రోజే పునాది.

సారాయి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాయి అంగడి మూయించడానికి కదిలారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారాయి నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. చట్టాలు వస్తాయి, పోతాయి. ఆ అక్కచెల్లెళ్ళు దేనికోసం కదిలారో ఆ కష్టం మాత్రం ఇల్లిల్లూ ఎరుగుదురు. ఏ లివరు పరీక్షా చేయకముందే మగవాడి పొట్ట ఉబ్బడం, కాళ్ళు వాయడం, కళ్ళు పచ్చబడటం మొదట చూసేది ఇంటి ఇల్లాలే. అమ్మలారా, అక్కలారా, ఆ గుర్తులు చూసిన రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. సిరోసిస్ ఉందని తేలితే ఎండోస్కోపీ అవసరమా అని అడగండి. ఉబ్బిన సిరలు కనబడితే, చిట్లకముందే మాత్రతోనో బ్యాండుతోనో మొదటి రక్తస్రావాన్నే తప్పించవచ్చు. పచ్చకామెర్లకని ఊరూరా ఇచ్చే పసరు మందులతో నెలలు గడిపేయకండి.

తిండి విషయం కూడా చెప్పుకుందాం. లివరు జబ్బు మనిషికి పప్పు, గుడ్డు, పెరుగు మానిపించి గంజి పోస్తూ ఉంటారు. అది పాత పద్ధతి. కండ కరిగిపోతే మనిషి త్వరగా కుంగిపోతాడు. మన రాగి ముద్ద, పప్పు, పెరుగు, గుడ్డు అన్నీ పెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు కూడా కొంచెం ఏదైనా తినిపించండి. పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించాలి, ఊరగాయ, అప్పడం మానాలి. ఒళ్ళు నొప్పుల మాత్రలు అంగట్లో కొని మింగకూడదు. విరేచనం రోజూ సాఫీగా కావాలి. మలబద్ధకం వచ్చినా, నల్లగా వచ్చినా, పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుంటూ మాటలు తడబడుతున్నా వెంటనే చూపించాలి.

ఖర్చు గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యం ఉచితం. తమిళనాడు కార్డు ఉన్నవాళ్ళు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా పథకం కింద ఏమేమి వస్తాయో ఆసుపత్రిలోని బీమా బల్ల దగ్గర అడగండి. ఆంధ్ర కార్డు ఉన్నవాళ్ళు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం గురించి అడగండి. సరిహద్దులో ఉన్నవాళ్ళం మనం, ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో రక్తం పడిన రాత్రి కాక, ఒళ్ళు బాగున్న రోజునే తెలుసుకుని పెట్టుకోవడం మంచిది. లివరు పూర్తిగా చేతులెత్తేసినవాళ్ళకు లివరు మార్పిడి అనే దారి కూడా ఉంది. చెన్నై స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా అది జరిగింది.

మళ్ళీ ఒకసారి ఆ మొరప్పూరు పల్లెకు పోదాం. ఆ రాత్రి "తెల్లవారనివ్వండి" అన్న మామ మాట విని ఆగి ఉంటే ఏమయ్యేదో మీకు తెలుసు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు, కోడలో, బడికి పోయే మనుమరాలో, "లేదు తాతా, రేడియోలో చెప్పారు, ఇప్పుడే పోవాలి" అని ఫోను చేసి ఉంటే, తెల్లవారేసరికి ఆయనకు బ్యాండు పడి ఉండేది. ఆరు వారాల తరువాత వాకిట్లో కూర్చుని రాగి ముద్ద తింటూ ఉండే అవకాశం వందకు 80 పైన.

కాబట్టి ఈ రాత్రే ఇంట్లో నలుగురికీ చెప్పి పెట్టండి. రక్తం వాంతి అయినా, తారులాంటి విరేచనం అయినా 108. ఎడమ పక్కకు పడుకోబెట్టడం. నోటికి ఏమీ ఇవ్వకపోవడం. ఎండోస్కోపీ ఎక్కడుందో అడగడం. ఇంటికి వచ్చాక బ్యాండు, మాత్ర, మానడం. ఇక ఎవరైనా "రక్తం కక్కుకుని చస్తావు" అని తిడితే, "కక్కుకుంటే ఆసుపత్రికి పోతాను" అని జవాబు చెప్పండి.